మొదటి తొక్కుడుకే

మూడు డబ్బాలను ఒడిలో పెట్టుకుని జయశీలన్ కాటేదాన్‌లోని మెకానిక్ శేఖర్ షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఒకటి తెల్లది, ఒకటి నీలంది, ఒకటి ఎర్రది. మూడింటిలోనూ ఉన్నవి బ్రేకు ప్యాడ్లే, అరచేతిలో ఇమిడే నల్లటి బిళ్లలు. ఎదురుగా భార్య నిర్మల కారు నాలుగు చక్రాలూ విప్పించుకుని ఇనుప స్టాండ్ల మీద నిలబడి ఉంది. సొంత బట్టలు తీయించి ఆసుపత్రి గౌను తొడిగించిన మనిషికి ఉండే బిడియం దానిలో కనిపించి అతను చూపు పక్కకు తిప్పుకున్నాడు. వెనక బిస్కెట్ల ఫ్యాక్టరీలో చక్కెర కాగుతున్న వాసన. ఎంత మురికి సందులోనైనా ఎవరో ఒకరు తీపి వండుతూనే ఉంటారు, అదీ ఒక దయే అనుకున్నాడు. మళ్లీ డబ్బాల వంక చూశాడు. విత్తన పరీక్ష కేంద్రంలో ఇన్నేళ్లుగా అతని పని ఏమిటంటే, తడి కాగితంలో గింజల్ని చుట్టి, మొలకెత్తిందాకా ఆగి, ఏ బస్తా మంచిదో చెప్పడం. గింజకైతే ఆగొచ్చు. దీనికి ఎక్కడ ఆగేది? దీన్ని పరీక్షించేది రోడ్డు మీద, లోపల కూతురు సునీలను కూర్చోబెట్టి. అసలు డబ్బా ఎంచుకోవడం తరవాతి మాట. శుక్రవారం పొద్దున కారు ఎందుకు ఆగలేదో తెలియాలి ముందు. కారణం దొరికితే ప్యాడ్లు, దొరక్కపోతే జగదీశ్. శంషాబాద్‌లో ప్లాట్లు అమ్మే ఆ కుర్రాడు ఏడాదిగా ఈ కారు వెంట పడుతున్నాడు, రేపు పొద్దున్నే వస్తానన్నాడు, జయశీలన్ రమ్మన్నాడు కూడా. ఆ మాట అన్నప్పటి నుంచి సునీల అతనితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

శుక్రవారం. ఇంకా తెల్లవారలేదు. సునీలకు ఎయిర్‌పోర్టు కార్గోలో పొద్దుటి డ్యూటీ. బుద్వేల్ నుంచి బయలుదేరి, నెమ్మది మీద బ్రేకు కొంచెం జారినా పట్టించుకోక, ఆరాంఘర్ చౌరస్తా దాటి, శంషాబాద్ దగ్గర ఎయిర్‌పోర్టు వైపు తిరిగే చోట ముందు ఒక లారీ నెమ్మదించింది. తొక్కిన డాడీ, అంది ఫోన్లో, గొంతు చిన్నపిల్ల గొంతు అయిపోయింది, రెండు కాళ్లతోటి తొక్కిన, జారుకుంటనే పోయింది. లారీ వెనక ఎర్ర దీపాలు మీద మీదకు వస్తుంటే ఎడమకు తిప్పేసింది. అక్కడ ఎవరో హోటల్ కడుతున్నారు, ఇసుక పోసి ఉంచారు. కారు ముక్కు ఇసుకలోకి వెళ్లి మెత్తగా ఆగింది. గీత కూడా పడలేదు, క్రేనుతో ఇంటికి చేరింది. మర్నాడు జయశీలన్ బస్సు దిగి ఆ కుప్ప దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. చక్రాల చాళ్లు ఇంకా చెరిగిపోలేదు. ఒంగి పిడికెడు ఇసుక తీసుకుని వేళ్ల సందుల నుంచి జారవిడుస్తుంటే, ఇటుకలు మోసే ఆవిడ ఒకరు గంప దించి, ఏం పోయింది సారూ అని అడిగింది. ఏం పోలేదమ్మా అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని దాని విలువ తెలియలేదు. ఏం పోలేదమ్మా, ఏం పోలేదు అని బస్సులో తిరిగొస్తూ ఎన్నిసార్లు అనుకున్నాడో. కానీ రాత్రయ్యేసరికి ఆ సంతోషం కిందనుంచి ఒక అనుమానం తల ఎత్తింది. పిల్ల చెప్పింది నిజమేనా? రోడ్డు ఖాళీగా ఉందని జోరుగా తోలి, చివర్లో తొక్కి, నెపం బ్రేకుల మీద వేసిందా? వాడకట్టు అంతా అదే మాట. ఆడపిల్లకు గంత జోరు కారు ఎందుకయ్యా అని ఎదురింటి బుచ్చయ్య నేరుగానే అడిగాడు. జయశీలన్ కూతుర్ని నమ్మాడు, సగం నమ్మాడు. ఆ రెండో సగమే నాలుగు రోజులుగా అతనికి అన్నం రుచి తెలియనివ్వడం లేదు.

ఆ కారు నిర్మల ఇష్టం. ఎయిర్‌పోర్టు కొత్తగా వచ్చి, రోడ్లు నల్లగా నున్నగా పరుచుకుంటున్న రోజుల్లో, ఒక డాక్టరు వాడి వదిలేసిన ఎర్ర టర్బో కారును చూసి నర్సు డ్యూటీ బట్టల్లోనే దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. పక్కనే అమ్మకానికి ఉన్న పసుపుపచ్చ మారుతీ చాలదా అన్నాడు తను. చాలదు అంది. అంతే. లారీ డ్రైవర్ సోమయ్య బిడ్డ మరి, స్టీరింగ్ పట్టుకోవడం పలక పట్టుకోవడం కంటే ముందు నేర్చుకుంది. ఆగుడు రానోడు ఉరుకొద్దు అనేవాడట సోమయ్య. నిర్మల తోలితే చెట్లు గోడలా అతుక్కుపోయి వెనక్కి వెళ్లేవి, పక్క సీట్లో జయశీలన్ కుడికాలు కింద ఉన్న చాపను తొక్కుతూనే ఉండేది. లేని బ్రేకును తొక్కీ తొక్కీ పిక్క నొప్పి పుట్టేది. నీ కాలు కింద గూడ ఒక బ్రేకు పెట్టిస్త తీ, పాపం ఊకె తొక్కుతున్నవ్, అని నవ్వేది. నవ్వుతున్నా చూపు రోడ్డు మీదే. మలుపు ఇంకా అల్లంత దూరంలో ఉండగానే ఆమె కాలు పెడల్ మీదికి వచ్చేది, కారు ఒద్దికగా తల వంచేది, ఆ తరవాతే మళ్లీ జోరు. చివరి ఆరు నెలలు ఆమె కారు ఎక్కింది వెనక సీట్లో పడుకోవడానికే. అప్పుడు తోలింది తను, ఎడ్లబండి కంటే నెమ్మదిగా. గుంత వచ్చినప్పుడల్లా వెనక నుంచి, మంచిగ తోలుతున్నవ్ డ్రైవర్ సాబ్, అనేది. ఆ తరవాత రెండేళ్లు కారు గుడ్డ కప్పుకుని ఉంది. ఈ ఎండాకాలంలో ఉద్యోగం రాగానే సునీల ఆ గుడ్డ తీసేసింది.

"సార్, ఏది ఎయ్యాల్నో సోంచాయించిండ్రా?" శేఖర్ చేతులు తుడుచుకుంటూ వచ్చి నీళ్ల గోలెం అంచు మీద కూర్చున్నాడు. "తెల్లది కంపెనీతోటి వచ్చేదసొంటిది. మెత్తగ ఆపుతది, గని గట్టిగ తోలినంక వేడెక్కి జర జారుతది. ఎర్రది రేసులోల్లది. ఎంత కాల్తే అంత పడ్తది. నీలంది నడిమిట్ల."

"ఎర్రది ఎయ్యి అన్నా," అంది సునీల, తండ్రి వైపు చూడకుండా. "మమ్మీ ఉంటే ఎర్రదే అంటుండె."

"మీ మమ్మీ రేసులకు పోతుండెనా చెల్లె?"

"పోనిస్తే గద."

శేఖర్ నవ్వు మింగి జయశీలన్ వైపు చూశాడు. జయశీలన్ ఎర్ర డబ్బాను పైకెత్తి చూశాడు. మూడింటిలో ఇదే ఘనమైనది, భయపడ్డవాడి చెయ్యి ఘనమైనదాని మీదికే పోతుంది. నిర్మలకు జబ్బు చేసినప్పుడూ పెద్ద పేరున్న మందు ఏది, పెద్ద డాక్టరు ఎవరు అని తిరిగింది ఈ చెయ్యే. చివరికి ఆమెకు హాయినిచ్చింది తడి గుడ్డతో పెదవులు తుడవడం. "చల్లగా ఉన్నప్పుడు?" అని అడిగాడు ఎందుకో. "పొద్దున్నే, బండి తీసిన వెంటనే, మొదటి తొక్కుడుకే ఏది పట్టుకుంటుంది?" శేఖర్ ఎర్ర డబ్బా వైపు వేలు చూపి తల అడ్డంగా ఊపాడు. "గిది చల్లగున్నప్పుడు రాయి లెక్క సార్. జర కాలాలె, అప్పుడే మాట ఇంటది. తెల్లది, నీలంది మొదటి తొక్కుడుకే." సునీల పొద్దున్నే మొదట బ్రేకు తొక్కేది సందు మలుపులో. అక్కడ మలుపింటి శివమ్మ ఒంగి వాకిలి ఊడుస్తుంటుంది, పాల క్యాన్ల సైకిల్ అడ్డంగా వస్తుంది, రెండు కుక్కలు నడిరోడ్డు తమ సొంతమన్నట్టు పడుకుంటాయి. ప్యాడ్లు వేడెక్కేదాకా ఆ కుక్కలు ఆగుతాయా? ఎర్ర డబ్బాను నేల మీద పెట్టేశాడు. సునీల మూతి ముడుచుకుంది. ఆ ముడుచుకోవడం అచ్చం తల్లిదే, అదొక్కటి చాలు ఈ పూటకు.

"ఏది ఏసినా ఏం ఫాయిదా సార్," అన్నాడు శేఖర్ ఉన్నట్టుండి, "పాతయే అరగలే." జేబులోంచి ఒక ప్యాడు తీసి అతని చేతిలో పెట్టాడు. "సగం మందం అట్లనే ఉంది. గని సూడుండ్రి, నూనె తాగింది. నాలుగిట్లదీ గిదే కథ. సీలు లీకనుకున్న, బ్రేకు ఆయిల్ డబ్బా నిండుగుంది. గ్రీజు గాదు. లోపలికెల్లి వచ్చింది గాదు సార్, ఎవరో పైకెల్లి పోసింది. మీకు దుష్మన్లు ఎవరన్న ఉన్నరా?"

దుష్మన్లు. విత్తనాలు మొలవలేదని రాసిచ్చినందుకు ఒక వ్యాపారి నాలుగేళ్ల కింద మొహం చిట్లించాడు, అంతకు మించి ఈ లోకంలో తనకు ఎవరితో పేచీ. సునీల, చాయ్ తాగొస్త అని చటుక్కున లేచి వెళ్లిపోయింది. జయశీలన్ కూడా లేచి కారు దగ్గరికి వెళ్లాడు. చక్రం ఉండాల్సిన చోట ఇనుప పళ్లెం, శేఖర్ దాన్ని ప్లేటు అంటాడు, బ్రేకు తొక్కితే ప్యాడ్లు రెండు పక్కలా అదిమి పట్టేది దాన్నే. వేలు పెట్టి దాని అంచు మీద రాశాడు. జిడ్డు. పలచగా, బంగారు రంగులో, ఈ పూటదే అన్నంత తాజాగా. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

మల్లెలు.

కారు రేకుకు ఆనుకున్నాడు. ఆ వాసన ఈ ఊరిలో ఒక్క సీసాలోదే. మందుల దుకాణంలో ఆలివ్ నూనె కొని, మల్లె అత్తరు ఒక్క చుక్క వేసి, పాస్టరు గారి చేత ప్రార్థన చేయించి, గోడ అలమరలో బైబిలు పక్కన పెట్టుకునే సీసా. అతని అత్త వరమ్మది. నిర్మల పోయాక, అల్లుడు వద్దన్నా కొద్దిరోజులని వచ్చి ఈ ఇంట్లోనే ఉండిపోయిన వరమ్మ. ఈ సంగతి అతనికి ముందే తట్టాల్సింది! సోమయ్య లారీ బయలుదేరే ప్రతిసారీ ఆమె ఎదురొచ్చి చక్రాలకు నూనె రాసి ప్రార్థన చేసేదని ఎన్నిసార్లు చెప్పలేదు? ముప్పై ఏండ్లు రాసిన, ఒక్కనాడు ఒక్క కోడిపిల్ల గూడ చక్రం కింద పడలే అని. లారీకి బ్రేకు డోలు లాంటి ఇనుప డబ్బాలో మూసుకుని ఉంటుంది, పైన ఎంత రాసినా లోపలికి పోదు, రాసిన నూనె దుమ్ముతో కలిసి నట్ల మీద నల్లగా పేరుకుంటుంది. ఈ కారు చక్రాలకు మాత్రం పువ్వు రేకుల్లా ఖాళీలు. ఆ ఖాళీల్లోంచి లోపలి పళ్లెం తళతళమంటూ కనిపిస్తుంది, చర్చిలో కానుకలు పట్టే పళ్లెంలాగా. మనవరాలిని కాపాడమని దేవుణ్ని అడిగే మనిషి ఇనుములో అంత మెరిసే చోటు వదిలేసి రబ్బరుకు రాస్తుందా? చెయ్యి లోపలికి పోనిచ్చి ఆ పళ్లానికే రాసింది. గురువారం రాత్రి ఆమెకు ఏదో పాడు కల వచ్చింది, శుక్రవారం పొద్దున అల్లుడు లేవకముందే వాకిట్లోకి వెళ్లొచ్చింది. కలలో ఏముందో చెప్పలేదు, ఇంకొంచెం ఎక్కువ రాసి ఉంటుంది. ఇవాళ శేఖర్ వచ్చి చేతి బ్రేకు మీద మెల్లగా కారు తీసుకుపోతున్నప్పుడు కూడా సీసాతో ఎదురొచ్చింది, దవాఖానకు పోయే బిడ్డకు రాసినట్టే.

దవాఖాన. ఆ సీసా అక్కడికీ వచ్చింది. సాయంత్రం ప్రార్థనకు నిర్మల నుదుటి మీద, అరికాళ్ల మీద, చివరికి ఎముకలే మిగిలిన మోచేతుల మీద. నిర్మల కళ్లు మూసుకుని రాయించుకునేది, నర్సు కదా, ఇంకొకరికి ఊరట కావాలంటే తన ఒళ్లు ఇవ్వాలని తెలుసు. తరవాత జయశీలన్ ఆ వాసన భరించలేకపోయాడు. ఇంట్లో ప్రార్థన అయ్యాక వరమ్మ సీసా మూత తీస్తే, అతను కొళాయి దగ్గరికి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లేవాడు. రెండేళ్లు. ఆమె ఒక్కసారి కూడా రమ్మనలేదు, రాలేదేమని అడగలేదు, అతని వంతు నూనె సీసాలోనే మిగుల్చుకుంది.

ఇప్పుడు ఆ వాసన ముక్కులో పెట్టుకుని, నూనె వేలు గాలిలో పట్టుకుని నిలబడితే, కోపం వస్తుందేమోనని ఒక క్షణం చూశాడు. రాలేదు. వచ్చింది వేరే. పిల్ల నిజమే చెప్పింది. రెండు కాళ్లతో తొక్కింది, ఆగలేదు, అంతే జరిగింది. జోరుగా తోలలేదు, అబద్ధం ఆడలేదు. నాలుగు రోజులుగా గుండె మీద కూర్చున్న ఆ రెండో సగం లేచి, చెప్పులు వేసుకుని, షెడ్డు దాటి, బిస్కెట్ల ఫ్యాక్టరీ గోడ వెంట వెళ్లిపోయినట్టు అనిపించింది. కారుదీ తప్పు లేదు. పిల్లదీ తప్పు లేదు. ఎవరో ఆ పిల్లను అతిగా ప్రేమించారు. ఆ ప్రేమ ఒక వైపు తోస్తే ఎవరి దయో రెండో వైపు ఇసుక పోయించి పెట్టింది.

"దుష్మన్లు లేరు శేఖర్," అన్నాడు. "నీలంవి వెయ్యి. ప్లేట్లు మాత్రం మంచిగా తుడువు, చుక్క జిడ్డు ఉండొద్దు."

శేఖర్ స్పిరిటు పోసి తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ తుడిచి కొత్త ప్యాడ్లు బిగించాడు. తాళాలు ఇస్తూ, కొత్త ప్యాడ్లకూ పాత ప్లేట్లకూ ఇగ దోస్తీ కావాలె సార్ అన్నాడు. ఖాళీ రోడ్డు చూసుకుని జోరు ఎక్కించాలి, తగ్గించాలి, మళ్లీ ఎక్కించాలి. మొత్తం మాత్రం ఆపొద్దు, వేడి మీద ఆపితే ప్లేటు మీద అక్కడే మచ్చ అంటుకుపోతుంది. అట్లా పది పన్నెండు సార్లు చేశాక, చల్లారిందాకా బ్రేకు జోలికి పోకుండా తోలుకోవాలి. అందుకే ఇప్పుడు సాయంకాలం ఎండలో, శంషాబాద్ అవతల, ప్లాట్ల హద్దురాళ్లు తెల్లగా వరసలు తీరి నిలబడ్డ మైదానం పక్కన, ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారిలో సునీల జోరు ఎక్కిస్తోంది, తగ్గిస్తోంది. ఒళ్లు ముందుకు పోతుంది, వెనక్కి వస్తుంది. తగ్గాలి, ఆగొద్దు. నిర్మల పోయిన కొత్తలో కొందరు సెలవు పెట్టి కూర్చో అన్నారు, కొందరు అన్నీ మర్చిపోయి తిరుగు అన్నారు. తను రెండూ చేయలేదు. నెమ్మదించాడు, ఆగలేదు, తడి కాగితాల్లో గింజలకు రోజూ నీళ్లు చల్లాలి కదా, వాటికి ఎవరు పోయారో తెలియదు. ఎవరూ చెప్పకుండానే సరిగా చేశాడన్నమాట! ఒక విమానం చక్రాలు చాచుకుని తల మీదుగా దిగిపోయింది. అంత పెద్దదీ ఆగడానికే వస్తోంది.

"కాలిన వాసనొస్తుంది డాడీ."

"వస్తదన్నడు గదా. కానియ్యి."

ఇంకోసారి జోరు, ఇంకోసారి తగ్గింపు. అప్పుడంది సునీల, చూపు రోడ్డు మీదే పెట్టి, తల్లిలాగే. "మల్లె వాసన నాగ్గూడ వచ్చింది. చక్రాలు విప్పుతున్నప్పుడే."

అతను తిరిగి చూశాడు.

"దుష్మన్లున్నరా అని శేఖరన్న అంటుంటే నవ్వు ఆగలే. గందుకే చాయ్‌కి పోయిన." పెదవులు బిగించింది, బిగించలేకపోయింది, నవ్వు పగిలి బయటపడింది. జయశీలన్ కూడా నవ్వాడు, కడుపు పట్టుకుని, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. ఈ కారులో ఇద్దరు కలిసి నవ్వి ఎన్నాళ్లయింది. నవ్వు సద్దుమణిగాక సునీల గొంతు తగ్గింది. "అమ్మమ్మకు చెప్తవా డాడీ? చెప్తే బతుకదు."

అతను ఫోను తీసి జగదీశ్‌కు చేశాడు. రేపు రావొద్దు బాబూ, అమ్ముడు లేదు. అటునుంచి, ఏందన్నా గట్లనే అంటవ్, పొద్దుగాల్నే వస్తుంటి, అని వినపడుతూండగా మెల్లగా పెట్టేశాడు. సునీల ఎడమ చెయ్యి గేరు మీదనుంచి తీసి ఒక్కసారి అతని మోకాలి మీద వేసి మళ్లీ తీసుకుంది.

చెబితే ఏమవుతుంది? వరమ్మకు ఇప్పటికే ఒక బిడ్డ పోయింది. నూనె ఆ బిడ్డను నిలపలేదు. ఈ బిడ్డను తోసిందని కూడా తెలిస్తే ఆ సీసాను ఎక్కడ పెట్టుకుంటుంది, చేతుల్ని ఎక్కడ పెట్టుకుంటుంది? చెప్పకపోతే, రేపు పొద్దున మళ్లీ పళ్లానికి రాస్తుంది. ఆరాంఘర్ దాకా ఇదే ఆలోచన, అక్కడినుంచి బుద్వేల్ దాకా ఇదే. సునీల బ్రేకు తొక్కకుండా గేర్లతోనే నెమ్మదిస్తూ, దయగా తెరుచుకున్న సిగ్నళ్ల మీదుగా చల్లచల్లగా ఇంటికి తెచ్చింది. ప్యాడ్లు చల్లారాయి. సందు మలుపు తిరిగింది.

వరమ్మ నడి సందులో నిలబడి ఉంది. తెల్లచీర, చేతిలో సీసా. కారు వచ్చిన చప్పుడు విని ఎదురు వచ్చేసింది, సోమయ్య లారీకి వచ్చినట్టు, అది ఆగుతుందా లేదా అన్న ఆలోచనే లేకుండా, అంత నమ్మకంగా.

సునీల తొక్కింది. మొదటి తొక్కుడుకే కారు తల వంచి ఆగింది, ముసలావిడకు ఇంకా నాలుగు బారల దూరం ఉండగానే. చప్పుడు లేదు, జారుడు లేదు. జయశీలన్ తన కుడికాలి వంక చూసుకున్నాడు. చాప మీద చెప్పు జారి పక్కకు పడి ఉంది. కాలు ఊరికే ఉంది. తొక్కలేదు.

"నయమైందా దానికి?" అంటూ వరమ్మ అప్పుడే ముందు చక్రం వైపు ఒంగుతోంది. "ఆగు అల్లుడా, జర్ర రాస్త."

"చక్రాలకు వద్దు అత్తమ్మా." దిగి అడ్డం నిలబడ్డాడు.

"ఎందుకొద్దు? మీ మామ లారీకి ముప్పై ఏండ్లు..."

"లారీ మొండిది. ఇది సుతారమైంది. దీని చక్రాలు శేఖర్ పని. తోలే పిల్ల నీ పని. ఇయ్యాల్టి నుంచి పిల్ల నెత్తికి రాయి."

"చక్రానికి ఒక్క సుక్క..."

"వద్దు అమ్మమ్మా!" అంది సునీల, మరీ తొందరగా అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వరమ్మ మనవరాలి వంక చూసింది, అల్లుడి వంక చూసింది. ఒక క్షణం ఆమె చూపు చక్రం రేకుల మధ్య మెరుస్తున్న పళ్లెం మీద నిలబడింది. సీసా పట్టుకున్న వేళ్లు కొంచెం బిగిశాయి. ఆమె అడగకముందే, ఆ ఆలోచన ఇంకో అడుగు ముందుకు పోకముందే, జయశీలన్ కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ముందు నాకు రాయి," అన్నాడు.

సందులో పాల సైకిల్ ఒకటి గంట కొట్టుకుంటూ వాళ్లను తప్పించుకుని వెళ్లింది. వరమ్మ మూత తీయడానికి రెండుసార్లు ప్రయత్నించింది, మూడోసారికి వచ్చింది. బొటనవేలు తడి చేసుకుని మునివేళ్ల మీద లేచింది, అందలేదు.

"ఇంత పొడుగెందుకు పెరిగినవయ్యా. వంగు."

వంగాడు. చల్లగా నుదుటికి తగిలింది. మల్లె వాసన వచ్చింది. కళ్లు మూసుకుని దాని వెనక ఇంకేం వస్తుందోనని కాచుకున్నాడు. ఏమీ రాలేదు. ఆసుపత్రి రాలేదు. మల్లెలే వచ్చాయి. వరమ్మ పెదవులు ఏదో మెల్లగా అనుకుంటున్నాయి, అందులో నిర్మల పేరు ఒకసారి, సునీల పేరు ఒకసారి, తన పేరూ వినిపించింది. నూనె చుక్క ఒకటి నుదుటి మీద నుంచి జారి, కనుబొమ్మ దాకా వచ్చి, అక్కడ ఆగింది.